సైరన్ కాకముందే గేటు దాటిండు

ఈ కబురు నాకు మొదట మోసుకొచ్చింది మా పాలామె. ఆ రోజు క్యాను గడప మీద దించి, పాలు పోయకుండా నా ముఖం చూస్తూ నవ్వుతూ నిలబడింది.

"ఏందొదినా, గింత ముచ్చట నాతోని జెప్పకపోతివి? మీ పిల్ల టీవీల ఫుట్‌బాల్ జెప్తదంట గదా! ఇస్నాపూర్ చౌరస్తా కాడ చాయ్ హోటల్‌ల అందరు ఫోన్ల జూస్తున్నరు."

నాకు నిజంగానే తెలియదు. మా పిల్ల అంటే మా చెల్లెలి కూతురు. చెల్లెలు, మరిది కాజీపల్లి మందుల కంపెనీల్లో చెరో షిఫ్టు చేసేవాళ్లు. అందుకని పిల్ల బడి నుంచి నేరుగా చిట్కుల్‌లోని మా ఇంటికే వచ్చేది. మాకు పిల్లలు లేరన్న మాట మా ఇంట్లో వినబడకుండా పోయింది దాని వల్లే. ఇప్పుడు హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉంటోంది. ఏదో ఛానెల్‌లో రాత పని అని చెప్పింది గానీ ఆట చెప్పే పని అని చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో పాలామె క్యాను ఎత్తుకునేలోపే అర్థమైంది. లోపల మా ఆయన టీవీ ముందు కూర్చుని పాత ఆటేదో చూస్తున్నారు. టీవీలోంచి మాట రావడం లేదు.

మా ఇంట్లో అదొక పద్ధతి. ఫుట్‌బాల్ వస్తున్నప్పుడు మగ గొంతు వినబడితే సౌండ్ ఉంటుంది. ఆడగొంతు రాగానే మా ఆయన బొటనవేలు రిమోట్ మీదికి పోతుంది. కోపం లేదు, తిట్టు లేదు. దోమ వస్తే కిటికీ మూసినంత మామూలుగా నొక్కేస్తారు. ఆట ముందు, మధ్య విరామంలో కూర్చుని విడమర్చి చెప్పేవాళ్లలో ఒక ఆడమనిషి ఉన్నా అంతే. అడిగితే ఒకటే జవాబు: "బూటు ఎయ్యనోళ్లు ఆట గురించి ఏం జెప్తరు?"

"మగ వ్యాఖ్యాతలందరూ బూట్లేసి ఆడినవాళ్లేనా" అని నేను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు రాస్తుంటే తోస్తోంది.

ఆయన మాత్రం ఆడినవారే. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేస్తూ, డిపార్ట్‌మెంట్ టీమ్‌లో వెనక నిలబడి గోలు కాపాడేవారు. మోకాలు పోయాక ఆట మానేసి, పిల్లకు నేర్పడం మొదలుపెట్టారు. మా ముందరి గదిలో గచ్చు మీద నట్లు ఒక జట్టు, వాషర్లు ఒక జట్టు. బంతికి బదులు శనగగింజ. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో పిల్లకు ఎంతకీ ఎక్కకపోతే, ఒక నట్టును ముందుకు జరిపి చెప్పారు: "గిది ఫ్యాక్టరీ గేటు అనుకో. ఆఖరి వాషర్ నిలవడ్డ కాడ గేటు. బంతి తన్నుడే సైరన్. సైరన్ అయినంక ఉరుకుతె ఎవ్వడేమనడు. గీడు జూడు, సైరన్ కాకముందే గేటు దాటిండు. జెండా పట్టుకున్నోడే వాచ్‌మెన్. ఎన్కకు మలుపుతడు." పిల్ల చప్పట్లు కొట్టింది. పక్కన బియ్యం ఏరుతున్న నాకూ ఆ రోజే ఆఫ్‌సైడ్ అర్థమైంది.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఆయాసం. మా నాన్న రోజూ పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, నా మంచం పక్కన కూర్చుని పాఠం పైకి చదివేవారు. అలా చదువు నాకు చెవుల్లోంచి వచ్చింది. ఆయన గొంతుకు, ఆ గొంతు నాకిచ్చిన దేవుడికి ఈ రోజుకీ దండం పెట్టుకుంటాను. ఆటైనా అంతే. చేతిలో ఎప్పుడూ ఏదో పని ఉంటుంది, కళ్లు దాని మీదే ఉంటాయి, ఆట నాకు మాటల్లోనే తెలుస్తుంది. ఆయన సౌండ్ తీసేస్తే ఆయనకు ఆట ఉంటుంది, నాకు ఉండదు. ఈ సంగతి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఆదివారం పొద్దున పిల్ల ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, తెలిసిందా?"

"పాలామె జెప్పింది. నువ్వు జెప్పకపోతివి."

"భయమైందే. ఇయ్యాల్టి ఒక్క ఆటకే పిలిచిండ్రు. మంచిగ జెప్తె ఉంచుకుంటరు, లేకుంటె మళ్ల రాతపనే." మళ్లీ తనే అందుకుంది. "ఫోన్ల నా బొమ్మ కింద ఏమేమో రాస్తున్నరు పెద్దమ్మా. వంటల ప్రోగ్రాం ఛానెల్ మారిందా అని ఒకడు, గోల్ పడితె ముగ్గేస్తదా అని ఒకడు. వాళ్లు ఏమన్నా నడుస్తది. పెద్దబాపు సౌండ్ పెడ్తడా?"

పెడతారని అబద్ధం చెప్పలేకపోయాను. "దేవునికి దీపం పెడ్త" అన్నాను. పిల్ల నవ్వింది. "దీపం కాదే, సౌండ్ పెట్టియ్యి" అంది.

నేను ఆయనకు చెప్పాను. ఆయన అవునా అన్నారు, అంతే. మధ్యాహ్నం అన్నం తక్కువ తిన్నారు. నాలుగింటికే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని టీవీ ముందు కూర్చున్నారు. చొక్కా చూసి నాకు ఆశ పుట్టింది. అయిదింటికి ఆట మొదలైంది. "అందరికీ నమస్కారం" అని మా పిల్ల గొంతు. 'నమ' దగ్గర కొంచెం వణికింది. ఆయన బొటనవేలు నొక్కింది.

"అయ్యో, జెర సౌండ్ పెట్టరాదయ్యా. మన పిల్ల!"

"మన పిల్ల గాబట్టే. తప్పు జెప్తె నేను ఇనలేను." ఆ మాటన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

నేను దేవుడి గూటి ముందుకు వెళ్లి కూర్చున్నాను. స్వామీ, లోకంలో అందరి సంగతీ తర్వాత, ఈ ఒక్క మనిషి బొటనవేలు చూడు అని అడిగాను. ఇంత చిన్న కోరిక అడగడానికి సిగ్గేసింది కూడా.

ఇక మా పక్కింటాయన సంగతి. గోదావరి వైపు నుంచి ఎప్పుడో ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. వాళ్లది డిష్. మాది ఇంటర్నెట్ టీవీ, వాళ్లకంటే అర నిమిషం వెనక నడుస్తుంది. ఆయనకు చెవులు మందం, అందుకని సౌండ్ వీధిదాకా వస్తుంది, అరుపులు తప్ప మాటలు విడిగా తెలియవు. గోడ అవతలి నుంచి మా పిల్ల "గోల్!" అని అరిచింది. మా టీవీలో బంతి ఇంకా మధ్యలోనే దొర్లుతోంది.

"బావగారూ!" పక్కింటాయన కిటికీలోంచి కేక. "మీ అమ్మాయి గోలు కొట్టించేసిందండీ! మీకింకా రాలేదా?"

"మీరు జెర చుప్పుండుండ్రి!" అని మా ఆయన. చూడకముందే గోలు తెలిసిపోతే ఏం ఆట అది?

కాసేపటికి మా టీవీలో కూడా ఆ గోలు పడింది. ఆడినవాళ్లు ఎగిరి కావలించుకున్నారు. అంతలో రెఫరీ చెయ్యెత్తి గోలు లేదన్నాడు. ఎందుకు లేదన్నాడో బొమ్మలో తెలియలేదు. మా ఆయన కుర్చీ అంచుకు జరిగారు. "ఎందుకు? ఏమైంది?" టీవీ మూగది, ఏమీ చెప్పలేదు. గోడ అవతల మాత్రం అప్పటికే నవ్వులు. పక్కింటావిడ కూడా నవ్వుతోంది, ఆవిడ ఎప్పుడూ ఆట చూసిన మనిషి కాదు.

"ఏమందండీ మా అమ్మాయి?" అని నేనే కిటికీలోంచి అడిగాను.

"సైరన్ కాకముందే గేటు దాటిండట! వాచ్‌మెన్ వెనక్కి పంపాడట! నలభై ఏళ్లు ఫ్యాక్టరీలో చేశానమ్మా, ఆఫ్‌సైడ్ ఇవాళ తెలిసింది నాకు!"

మా ఆయన రిమోట్ వైపు చూశారు. చాలాసేపే చూశారు. తర్వాత నొక్కారు. పిల్ల గొంతు ఇల్లంతా నిండింది. ఇప్పుడు వణుకు లేదు. ఏరదామని తెచ్చుకుని కూర్చున్న మెంతికూర ఒళ్లోనే ఉండిపోయింది. ఆట చివరిదాకా ఇద్దరం విన్నాం.

ఆట అయ్యాక పిల్ల ఫోన్ చేస్తే ఆయనే తీశారు. "ఒక్క కాడ కార్నర్‌ను త్రో అన్నవ్. సూసుకోవాలె." అవతల ఏడుపో నవ్వో వినబడింది. ఆయన గొంతు తగ్గింది. "బిడ్డా, గా సైరన్ మాట నాది గాదు."

అప్పుడు చెప్పారు. నాతో కూడా ఎన్నడూ చెప్పని సంగతి.

మా పెళ్లయిన కొత్తలో, ఆయుధపూజకు ఫ్యాక్టరీ గ్రౌండ్‌లో డిపార్ట్‌మెంట్ల పోటీ. మైకులో ఆట చెప్పే ఆయన గొంతు పోయింది. భోజనాలు తయారయ్యాయని చెప్పడానికి క్యాంటీన్‌లో వడ్డించే అక్క మైకు పట్టుకుంది. చెప్పేసి దిగలేదు. ఆట చెప్పడం మొదలుపెట్టింది. ఎవరో ముందుకు ఉరికితే "సైరన్ కాకముందే గేటు దాటిండు" అంది. గ్రౌండంతా నవ్వింది. తర్వాత అరుపులు: "అక్కా, పప్పు మాడ్తుంది, పో!"

"ఆట ఆపి నేనే పోయి మైకు గుంజుకున్న," అన్నారు మా ఆయన. "అక్క దిగి పోయి గంటె పట్టుకున్నది. పొద్దుగూకినంక నేను ఇంటికొస్తుంటె పిలిచి డబ్బా కట్టిచ్చింది. నీ పెండ్లానికి పానం బాగలేదంట గదా, పులిహోర తీస్కపో అన్నది."

ఆ పులిహోర నేను తిన్నాను. ఇంగువ ఘాటు ఇంకా గుర్తుంది. ఆయాసంతో మూడు రోజులు నోరు చప్పగా ఉన్న మనిషికి అది ప్రసాదంలా అనిపించింది. ఎవరు పంపారో కూడా అడగలేదు.

ఆమె మాట ఫ్యాక్టరీలో అందరి నోటా మిగిలింది, మా ఇంటి గచ్చు మీదికి వచ్చింది, పిల్ల గొంతులో టీవీదాకా పోయింది. ఆమె మాత్రం కాంట్రాక్టు మారినప్పుడు వెళ్లిపోయిందట. ఎక్కడికో ఎవరికీ తెలియదు. అందరూ అక్క అనే పిలిచారు, పేరు ఎవరూ అడగలేదు. మా పిల్లను రెండో ఆటకూ పిలిచారు. ఇప్పుడు మా ఇంట్లో ఏ ఆడగొంతు వచ్చినా సౌండ్ ఉంటోంది. ఇందుకు మొదటి దండం ఎవరికి పెట్టాలో నాకు తెలిసింది గానీ, పేరు తెలియదు.

ఇది చదివినవాళ్లను ఒక్కటే అడుగుతున్నాను. ఈసారి టీవీలో ఏ ఆడమనిషైనా ఆట చెబుతుంటే, రిమోట్ పక్కన పెట్టి, చేతిలో గంటెతో వెనక్కి వెళ్లిపోయిన ఆ అక్కను ఒక్కసారి తలుచుకోండి.