తల వంచి తాగిన నీళ్లు

నాయిన నీళ్లు తాగుతుంటే చూడటం చిన్నప్పుడు నాకు పెద్ద కాలక్షేపం. మణుగూరులో మా క్వార్టర్ వెనక మెట్టు మీద కూర్చుని, తల బాగా వెనక్కి వాల్చి, చెంబును జానెడెత్తున పట్టుకుని పోసుకునేవాడు. ధార సూటిగా నోట్లో పడేది. ఒక్క చుక్క కూడా గడ్డం మీదికి జారేది కాదు. గొంతు మీది ఎముక పైకి పోయి, కిందికి దిగి, మళ్లీ పైకి పోయేది. ఆ చర్మం కింద ఉడత పిల్ల ఒకటి కాపురం ఉంటుందని నేను చాలా కాలం నమ్మాను. ఎదురుగా అడవి మీద మంచు కదలకుండా నిలిచి ఉండేది. ఎండలు ముదరకముందు రోజుల్లో ఇప్పపూల వాసన పెరట్లోకి వచ్చేది. నేను సగం నిద్రలో ఆ ఉడతను చూస్తూ మెట్టు కింద కూర్చునేదాన్ని.

చెంబుకు పెదవి తగిలించడం మా ఇంట్లో తప్పు. నాయిన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. బాయి లోపల పదిమందికి ఒకటే నీళ్ల డబ్బా. అడవి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు సొరకాయ బుర్రలో నీళ్లు తెస్తే అవీ అందరివే. ఎవరి పెదవీ దేనికీ తగలకూడదు. "మన తర్వాత తాగేటోళ్లుంటరు బిడ్డా" అనేవాడు నాయిన. మడీ గిడీ లాంటి పట్టింపులు ఆయనకు లేవు. ఆయన నేర్చుకున్న మర్యాదంతా ఆ ఒక్క మాటలోనే ఉండేది.

నాకు ఆ విద్య అబ్బలేదు. పోసుకున్నప్పుడల్లా సగం నీళ్లు గౌను మీద పడేవి, మిగిలిన సగంతో పొలమారేది. అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి నడినెత్తి మీద తట్టేది. "ఎవరో తలుచుకుంటున్నరు" అనేది. ఆ ఎవరో ఎవరా అని దగ్గుతూనే ఆలోచించేదాన్ని. దుమ్ముగూడెంలో ఉన్న మేనత్త కావచ్చు, బళ్లో నా పక్క పిల్ల కావచ్చు, తప్పిపోయిన మా పిల్లి కూడా కావచ్చు. దగ్గు తగ్గాక కళ్లలో నీళ్లుండి, లోకం కాసేపు మెత్తగా, దూరంగా కనిపించేది. పొలమారడం ప్రేమకు సంబంధించిన సంగతి అనుకుంటూనే నేను పెరిగి పెద్దదాన్నయ్యాను.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయింది. నేను ఖమ్మంలో ఉద్యోగం చేస్తూ ఖానాపురం హవేలిలో కిరాయి ఇంట్లో ఉంటున్నాను. ఒక పొద్దున మణుగూరులో నాయిన షిఫ్టుకు బయల్దేరుతూ చొక్కా గుండీ పెట్టుకోలేక అలాగే నిలబడిపోయాడట. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి వంకరపోయింది, మాట ముద్దయింది. ఖమ్మంలో దవాఖానాలో కొన్నాళ్లు ఉంచి, గండం గడిచిందని పంపారు. అమ్మనూ ఆయననూ నా దగ్గరికి తెచ్చుకున్నాను. గండం గడిచిందన్నవాళ్లు ఈ మనిషికి నీళ్లెలా తాగించాలో ఒక్క ముక్క చెప్పలేదు. నాకు ఆ కోపం ఇప్పటికీ పోలేదు. మేమూ అడగలేదు. నీళ్లు తాగించడం కూడా ఒకరు చెప్పాల్సిన విషయమని ఎవరనుకుంటారు?

మాకు తెలిసిన పద్ధతిలోనే తాగించాం. నేను ఆయన తలను వెనక్కి పట్టుకునేదాన్ని, అమ్మ చెంబెత్తి సన్నగా పోసేది. రెండో గుటకకే దగ్గొచ్చేది. అమ్మ వెంటనే నెత్తిన తట్టేది.

"మీ బాయి దోస్తులు తలుచుకుంటున్నరు" అనేది.

నాయిన ఒక పక్కకే వచ్చే నవ్వు నవ్వేవాడు. ప్రతి గుటకకీ ఒకరు గుర్తుకొచ్చేవారు. "ఈసారి మా ఆడబిడ్డె", "ఈసారి మొన్నొచ్చిపోయిన పక్క క్వార్టరాయన" అంటూ అమ్మ లెక్క చెప్పేది. చూడవచ్చినవాళ్లు కూడా, అంత మంచి మనిషి కదా, తలుచుకోరా మరి అనేవారు. మా ఇంట్లో అంత ప్రేమ ఎప్పుడూ కారిపోలేదు.

అయిదో రోజో ఆరో రోజో దగ్గు ఆగిపోయింది. ఎంత పోసినా దగ్గు లేదు. నేనూ అమ్మా ఒకరి మొహాలు ఒకరం చూసుకుని తేలికపడ్డాం.

"ఇగ అందరు మర్చిపోయిండ్రు. మంచిగైతుండు మీ నాయిన" అంది అమ్మ.

ఆ ఊపులో ఇంకో చెంబు పోశాం. తాగిన తర్వాత మాట్లాడితే ఆయన గొంతులో తడి ఉండేది. గోదారి అడుగు నుంచి ఎవరో పిలుస్తున్నట్టుండేది ఆ మాట. పోయిన గొంతు అంత దూరం నుంచి నడిచి తిరిగొస్తోందనుకుని నేను మురిసిపోయాను. రెండు రోజులు గడిచాయో లేదో, మధ్యాహ్నం ఒళ్లు కాలిపోయే జ్వరం. పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆటోలో ఇంకో దవాఖానాకు తీసుకుపోయాం.

అక్కడున్న డాక్టరమ్మ నడివయసు మనిషి, మా వైపు మనిషే. నాయిన ఛాతీ విని, నా వైపు తిరిగింది.

"నీళ్లెట్ల తాగిపిస్తున్నరు?"

చేత్తో చూపించాను. తల ఇలా, చెంబు ఇలా. ఆమె నా చెయ్యి పట్టుకుని నా గొంతు మీదే పెట్టింది.

"గుటకెయ్యి."

వేశాను. నా వేళ్ల కింద ఎముక పైకి లేచి దిగింది. నాలోనూ ఉడత ఉందన్నమాట.

"ఇప్పుడు తల మొత్తం ఎనక్కేసి గుటకెయ్యి."

వేయబోయాను. ఎముక కదలడానికి కష్టపడింది. నోట్లో ఉమ్మి తప్ప ఇంకేమీ లేదు. అయినా ఆ ఒక్క గుటక మింగలేక ఉక్కిరిబిక్కిరయ్యాను.

"నీకే గిట్లుంటే ఆయనకెట్లుంటది?" అంది డాక్టరమ్మ. కోప్పడలేదు. "గొంతుల రెండు తొవ్వలుంటయి. ముందటిది ఊపిరిది, ఎనకది అన్నానిది. గుటకేసేటప్పుడు ఆ ఎముక పైకి లేసి ఊపిరి తొవ్వకు మూత పడతది. రైలొచ్చేటప్పుడు గేటు పడ్డట్టు. మీ నాయినకు గేటు లేటుగ పడుతున్నది. నీళ్లు ఆగయి కద, పల్చగుంటయి, ముందే ఉరుకుతయి. తల ఎనక్కేస్తే ఊపిరి తొవ్వ ఇంకింత తెరుసుకుంటది."

"మరి దగ్గు తగ్గిపోయింది కదమ్మా" అన్నాను.

"తగ్గలే. దగ్గు కావలోడసుంటిది. వానికి సోయి తప్పింది. నీళ్లు సప్పుడు లేకుంట ఊపిరితిత్తులల్లకు పోతున్నయి. ఇంకోసారి గట్లయితే నేనేం చెప్పలేను."

ముక్కులోంచి గొట్టం వేశారు. అమ్మ వరండాలో కూర్చుని తన అరచెయ్యి చూసుకుంది. ఇన్నిసార్లు నెత్తిన తట్టిన చెయ్యి. ఎవరెవరినో పేరుపెట్టి పిలిచి, వాళ్లందరి ప్రేమనూ ఒక్కో గుక్కగా ఆయన ఊపిరిలో పోశాం. ఆ సిగ్గు, ఆ భయం నన్ను చాలా రోజులు వదల్లేదు.

జ్వరం తగ్గాక ఇంటికి తెచ్చుకున్నా, గొట్టంతోనే కొన్ని వారాలు గడిచాయి. నాయిన పగలంతా మగతగా ఉండేవాడు. ఆఫీసు నుంచి వచ్చి ఆయన పక్కన కూర్చుంటే నాకూ కళ్లు మూతలు పడేవి. బయట షేర్ ఆటోల చప్పుడు దూరమయ్యేది. నాయిన నిద్రలోనే గుటక వేసేవాడు. మనిషి నిద్రలో కూడా మింగుతూనే ఉంటాడని అంతవరకూ నేను గమనించనే లేదు. నాలుక వెనక్కి తోస్తుంది, అంగిలి లేచి ముక్కు దారి మూస్తుంది, ఊపిరి ఆగుతుంది, మూత పడుతుంది, తెరుచుకుంటుంది, ఊపిరి మళ్లీ మొదలవుతుంది. అన్నీ రెప్పపాటులో అయిపోతాయి. పుట్టినప్పటి నుంచీ ఎవరూ చెప్పకుండా చేస్తున్న పనిని ఇప్పుడు ఆయన తలలో ఒక పక్క మరిచిపోయింది. కునుకులో నాకు మణుగూరు అడవి కనిపించేది. కాలిబాట రెండుగా చీలే చోట నేను నిలబడి ఉండేదాన్ని. అడవిలోంచి సన్నటి నీటిపాయ వచ్చేది. దాన్ని వెనక బాటకు మళ్లించడానికి నేను రెండు చేతులూ అడ్డం పెట్టేదాన్ని. నీళ్లు వేళ్ల సందుల్లోంచి పోతుంటే మెలకువ వచ్చేది.

గొట్టం తీశాక డాక్టరమ్మ చెప్పినట్టు చిక్కటి జొన్న జావతో మొదలుపెట్టాం. గడ్డం ఛాతీకి ఆనాలి, చెంచాతో కొద్దికొద్దిగా పెట్టాలి, ప్రతి గుటక తర్వాత "ఆ" అనిపించాలి. గొంతు తేటగా పలికితే ఇంకో చెంచా, తడిగా పలికితే ఆపేయాలి. మంచినీళ్లు మాత్రం అప్పుడే వద్దంది. చెంచా జావ బాగానే సాగింది. తర్వాత జావను గ్లాసుతో తాగించమంది. నాయినకంటూ ఒక చిన్న స్టీలు గ్లాసు తీసి, గూట్లో విడిగా పెట్టాను. దాన్ని ఆయన పెదవులకు ఆనించబోతే మొహం తిప్పేసుకున్నాడు.

"ఎం... గిలి" అన్నాడు.

నేను ఆ రోజు ఆఫీసులో అలిసిపోయి ఉన్నాను. మళ్లీ జ్వరమొస్తుందేమోనని నిద్ర లేక నెల దాటింది. మూడుసార్లు బతిమాలాను. నాలుగోసారి నోరు జారాను.

"నీ తర్వాత ఎవరు తాగుతరు నాయినా? ఈ గ్లాసు నీ ఒక్కనికే."

ఆయన గ్లాసు వంక చూశాడు. నా వంక చూడలేదు. మొహం గోడ వైపు పెట్టుకుని, ఆ రోజంతా చెంచా కూడా ముట్టలేదు.

"గట్లంటరానే?" అంది అమ్మ, మెల్లగా. నాకు ఏడుపొచ్చింది. పదిమంది మధ్య నీళ్లు పంచుకుని బతికిన మనిషికి, నీ తర్వాత ఎవరూ లేరని చెప్పాను కదా.

మర్నాడు పొద్దున నేను జావ తెచ్చేసరికి నాయిన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. నేనేమీ అనకముందే గడ్డం ఛాతీకి ఆనించి, తల వంచి, అలా ఆగాడు. ఎన్నేళ్లు ఆయన గొంతు చూస్తూ పెరిగానో. నడినెత్తిని అంత నిదానంగా చూడటం అదే మొదలు. అక్కడ జుట్టు పల్చబడి, లోపల చర్మం కనిపిస్తోంది. గ్లాసు అంచు పెదవులకు ఆనించాను. తాగాడు. "ఆ" అన్నాడు. నేను ఆయన మొహం కేసి చూడలేకపోయాను.

ఎండాకాలం వచ్చింది. ఖమ్మం ఎండ మీకు తెలిసిందే. జావ మింగీ మింగీ విసిగిపోయిన నాయిన, కుళాయి దగ్గర బిందె నిండే చప్పుడు వింటూ కళ్లు మూసుకుని పడుకునేవాడు. "నీళ్లు" అని అడిగేవాడు. ఇప్పుడే వద్దంటుంటే నా నోరు ఎండిపోయేది. దాహం వేసినవాడికి నీళ్లివ్వని కూతుర్ని నేను. ఆ వేసవిలో ఆయన ముందు నేను నీళ్లు తాగలేదు, వంటింట్లోకి పోయి దొంగలా తాగేదాన్ని.

తర్వాత చెంచాడు మంచినీళ్లకు డాక్టరమ్మ ఒప్పుకుంది. చెంచా, "ఆ". రెండు చెంచాలు, "ఆ". కొన్ని రోజులు గొంతు తడిగా పలికితే ఆపేశాం, కొన్ని రోజులు దగ్గాడు. దగ్గొస్తే ఇప్పుడు భయంతో పాటు కొంచెం ధైర్యంగా కూడా ఉండేది, కావలోడు లేచాడని. అమ్మ చెయ్యి అలవాటుగా పైకి లేచి, మధ్యలోనే ఆగిపోయేది. నెత్తిన తట్టడం మా ఇంట్లో మానేశాం.

తొలకరి పడిన మర్నాడు పొద్దున. వాకిట్లో మట్టి ఇంకా తడిగా ఉంది. నాయిన గడప పక్కన కుర్చీలో ఉన్నాడు. గూట్లోంచి ఆయన గ్లాసు తీసి, నిండా మంచినీళ్లు పోసి, ఎడమ చేతికి ఇచ్చాను. డాక్టరమ్మ ముందు రోజే సరే అంది. ఆయన గడ్డం దించి, అంచుకు పెదవి ఆనించి, ఒక్కో గుటక వేశాడు. గొంతు మీది ఎముక నిదానంగా లేచి దిగింది. సగం తాగి ఆపాడు.

"ఆ" అన్నాడు. ఏ తడీ లేదు.

తర్వాత గ్లాసును నా వైపు చాపాడు.

"తాగు."

అడుగున సగం నీళ్లున్నాయి. అంచు మీద ఆయన పెదవి తడి ఉంది. నేను అన్న మాట ఆయన మరిచిపోలేదు. గ్లాసు తీసుకుని, ఆయన పెదవి పెట్టిన చోటే నా పెదవి పెట్టి తాగాను. ఏడుపూ నీళ్లూ ఒకేసారి గొంతులోకి వచ్చాయి, పొలమారింది. వంగిపోయి దగ్గుతున్నాను. నా నడినెత్తి మీద ఒక చెయ్యి పడింది, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఎడమ చెయ్యి.

వంటింట్లోంచి అమ్మ అడిగింది. "ఏంది, ఎవరు తలుచుకుంటున్నరు?"

"నేనే" అన్నాడు నాయిన. మాట తేటగా ఉంది.