అవ్వ విస్తరి దగ్గర చేసిన ప్రార్థన

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. చచ్చినవాళ్ళు కాకి రూపంలో వచ్చి తిని పోతారన్న మాట అసలే నమ్మను. నేను ప్రభువును నమ్ముకున్న మనిషిని. అయినా మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, పోయిన మూడోనాడు బోధన్‌లో నా కళ్ళ ముందు జరిగింది చెప్తాను. మీకెట్లా అర్థమైతే అట్లా చేసుకోండి.

మా అవ్వ బతుకంతా బీడీలు చుట్టింది. ఆమె ఉండే తమ్ముడి ఇంటికి నేను నిజామాబాద్ నుంచి ఎప్పుడు పోయినా పక్కన కూర్చొని ఆకు కత్తిరిస్తూ యేసయ్య గురించి చెప్పేదాన్ని. ఆమె చేతులు ఆగేవి కావు, చెవులు మాత్రం ఇటే ఉండేవి. బాప్తిస్మం తీసుకొమ్మంటే ఒకనాడు తేల్చి చెప్పింది.

"నువ్వు చెప్పేది మంచిగనే ఉన్నది బిడ్డా. గని నీళ్ళల్ల మునుగ. నీ తమ్ముని మనసు కష్టపెట్ట. నేను పోయేటప్పుడు మాత్రం నువ్వొచ్చి ప్రార్థన చెయ్యి."

ఆ ఒక్క కోరిక తీరలేదు. పానం బాగా లేదని తెలిసి ఉరికిపోతే తమ్ముడు నన్ను గడప దగ్గరే ఆపాడు. ముసలిదాన్ని మతం మార్చడానికి వచ్చావా అని వాడకట్టంతా వినేలా అరిచాడు. నేను వాకిట్లో ఉండగానే లోపల అవ్వ పోయింది. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

ఇక మా పాస్టరు. ఫోన్‌లో ఏడిస్తే ఓదారుస్తాడనుకున్నాను. బాప్తిస్మం లేకుండా పోయింది కాబట్టి ఇప్పుడు ప్రార్థించి లాభం లేదన్నాడు. మూడోనాడు పిట్టకు పెట్టే దగ్గరికి, అంటే కాకులకు విస్తరి వేసే చోటికి పోవద్దని కూడా హెచ్చరించాడు. పోయిన మనిషి మీద పెత్తనానికి ఇద్దరూ ఇద్దరే. ఆమెకేం కావాలో ఒక్కడైనా అడిగాడా?

పోవద్దంటే ఆగుతానా? ఆమె నా తల్లి.

చెరుకు తోట పక్కన, అవ్వను పూడ్చిన చోట మోదుగాకు విస్తరి వేశారు. జొన్నరొట్టె, చేపల పులుసు, మటన్, కల్లు, ఆమెకు ఇష్టమైనవన్నీ పెట్టారు. మా వైపు కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకు కోరిక మిగిలిందంటారు. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ అన్నం తినరు. నేను దూరంగా గట్టు మీద నిలబడ్డాను.

కాకులు వచ్చాయి. కరెంటు తీగ మీద కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. అందరూ వెనక్కి జరిగినా దిగలేదు. తమ్ముడు పిల్లలను మంచిగా చదివిస్తానన్నాడు, సమాధి కట్టిస్తానన్నాడు, కల్లు ఇంకొంచెం పోశాడు. ఎండ నెత్తికెక్కింది. వాడి అవస్థకు నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

చివరికి వాడు నా మొహం చూడకుండా అన్నాడు. "నీ ప్రార్థనేదో చేస్కో అక్కా. అవ్వ పోయేముందు గదే అడిగింది."

అంటే వాడికి తెలుసు. తెలిసే నన్ను వాకిట్లో నిలబెట్టాడు. అక్కడే వాడి చెంప పగలగొట్టాల్సింది. దానికి బదులు కళ్ళు మూసుకున్నాను. అది ప్రార్థన కాదు, కొట్లాట. మా అవ్వ నీ కోసం అడిగింది తండ్రీ, వీళ్ళు అడ్డం పడుతుంటే నువ్వేం చేశావని గట్టిగానే నిలదీశాను. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి కాకి విస్తరిలో ఉంది. నేను అవ్వ పేరెత్తినప్పుడే దిగిందని మరదలు చెప్పింది. తర్వాత మిగతావన్నీ దిగాయి.

ఆదివారం పాస్టరు అది సాతాను పని అన్నాడు, సంఘం ముందు తప్పు ఒప్పుకొమ్మన్నాడు. ఒప్పుకోనన్నాను. కాకికి ఆకలేసిందని మా చుట్టాలు అన్నారు. మరి అంతసేపు దాని ఆకలి ఏమైంది? నా నమ్మకం ప్రకారం అట్లా జరగకూడదు. జరిగింది. ఎందుకో నేను చెప్పలేను.

కొన్నాళ్ళకు తమ్ముడు నిజామాబాద్ వచ్చాడు. ఇచ్చిన చాయ్ ముట్టలేదు. గ్లాసు పక్కకు జరిపి అడిగాడు.

"నిజం చెప్పు అక్కా. అవ్వ ఏడికి పోయింది?"

బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా దేవుని దారి చెప్పినదాన్ని నేను. వాణ్ణి తిట్టడానికి దాచుకున్న మాటలు కూడా నోటిదాకా వచ్చాయి.

"నాకు తెల్వది తమ్మీ," అన్నాను.

ఆ మాట అనాల్సి వచ్చినందుకు వాడి మీద కంటే, పాస్టరు మీద కంటే దేవుడి మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఇప్పటికీ రోజూ మోకాళ్ళ మీద కూర్చొని అవ్వ ఎక్కడుందని ఆయన్నే అడుగుతున్నాను.