కాపీ తీయకుండా బోర్డు మార్చినవాడు

పదేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. మోసి మోసి చిక్కిపోయాననుకునేరు. లేదు. దాని మీదే బతికాను, బాగానే బతికాను. మీకు కాకపోతే ఇంకెవరికి చెప్పుకోను? మీరు నన్నెరగరు. అదే నా ధైర్యం.

గుడివాడలో నాకు కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉంది. ఒక్క ఫైలు కదలకుండా, కనీసం కాపీ కూడా తీయకుండా మదర్‌బోర్డు మార్చేస్తాడని బందరు నుంచి ముదినేపల్లి దాకా నాకు పేరు. ఆ పేరు బందర్లో దానియేలు గారింట్లో పుట్టింది.

దానియేలు గారిది కలంకారీ అద్దకం. తాతల నాటి చెక్క అచ్చుల మీది పూలూ లతలూ మూడేళ్ళు కూర్చుని స్కాన్ చేసి, ఏ అంచుకి ఏ రంగో కుదిర్చి, తన చేతికి అలవాటైన తీరులో కంప్యూటర్లో అమర్చుకున్నారు. మెషీను మాత్రం ముసలిదైపోయింది. ఒక పువ్వు తెరవమని చెప్పి ఆయన వెళ్ళి టీ తాగి వచ్చేవారు. బోర్డూ ప్రాసెసరూ మార్చాలి, లోపలి సెటప్ చెక్కుచెదరకూడదు. పైగా ఒక షరతు. ఎవరూ కాపీ తీయకూడదు. అద్దకం వాళ్ళందరికీ ఉన్న భయమే అది. బొమ్మ ఒక్కటి బయటికి పోతే, తమ బట్ట ఆరేలోపు పక్క కార్ఖానాలో అదే బొమ్మ దిగుతుంది.

ఆయన మొదట పిలిచింది ప్రకాశం గారిని. బందర్లో పేరున్న మెకానిక్. నాకు స్క్రూడ్రైవర్ పట్టడం నేర్పింది ఆయనే. కాపీ తీయనివ్వకపోతే బోర్డు ముట్టుకోనని తెగేసి చెప్పి వచ్చేశారు. అప్పుడు దానియేలు గారు నన్ను పిలిచారు. కాపీ తీయనని దానియేలు గారి బైబిలు ముందు మాటిచ్చాను.

ఆ మాటిచ్చేటప్పటికే నా సంచిలో ఖాళీ హార్డ్‌డిస్క్ ఉంది. అంటే తప్పడానికే మాటిచ్చానా? ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. అవును, అందుకే ఇచ్చాను.

శుక్రవారం ఉపవాస ప్రార్థనకని ఆయన చర్చికి వెళ్ళగానే డిస్కు మొత్తం నా డిస్కులోకి ఎక్కించుకున్నాను. ఆయన తిరిగొచ్చి పక్కన కుర్చీ వేసుకున్నాక పని మొదలుపెట్టాను. బోర్డు ఊడదీసే ముందు దాని తాలూకు డ్రైవర్లన్నీ, అంటే దాన్ని నడిపే చిన్న ప్రోగ్రాములన్నీ, తీసేయాలి. ప్రకాశం గారు నాకు వందసార్లు చెప్పిన మాట. తొందరలో మరిచాను. కొత్త బోర్డు మీద మెషీను లేవలేదు. కంగారుపడి, సిస్టమ్ కొత్తగా ఎక్కించే సీడీ పెట్టి, అది అడిగినదానికల్లా ఎంటర్ కొట్టాను. డిస్కు తుడుచుకుపోయింది. మూడేళ్ళ పూలు. ఆయనేమో పాపం, నాకు చెమటలు పడుతున్నాయని విసనకర్రతో విసురుతున్నారు.

కనెక్షను వదులైందని, ఇది పరీక్షించే సామానని చెప్పి సంచిలోంచి నా డిస్కు తీశాను. ఆయనే టార్చి పట్టుకున్నారు. పాత బోర్డు మళ్ళీ బిగించి, నా కాపీని ఆయన డిస్కులోకి తిరిగి ఎక్కించి, ఈసారి డ్రైవర్లు ఒక్కొక్కటే తీసి, మెషీను ఆపి, కొత్త బోర్డు పెట్టి మీట నొక్కాను.

లేచింది. తెర మీద ఏది ఎక్కడుండాలో అక్కడే ఉంది. స్కానరు పలికింది. రంగులు అలాగే ఉన్నాయి. పువ్వు మీద నొక్కితే రెప్పపాటులో విచ్చుకుంది. దానియేలు గారు ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించి, తన అద్దకం దుప్పటి తెచ్చి నా భుజాల మీద కప్పారు. నా జన్మలో అంత గొప్పగా ఇంకెప్పుడూ లేను. సిగ్గుపడుతూ రాయాల్సిన ఈ చోట కూడా, ఏం చెప్పను, ఛాతీ ఉప్పొంగుతోంది.

ఇంటికెళ్ళి ఆ కాపీ చెరిపేశాను. ఒక్క పువ్వూ బయటికి పోలేదు. అందులో నేను దొంగను కాను. నేను దొంగిలించింది ప్రకాశం గారి పేరు. శిష్యుడు ఉత్త చేతులతో చేసినదానికి గురువు భయపడ్డాడని బందరంతా నవ్వుకుంది. ఆయన దగ్గరికి వెళ్ళేవాళ్ళు బస్సెక్కి నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి ఆయనే బస్సు దిగి నా షాపుకొచ్చారు.

"నిజం చెప్పవోయ్. కాపీ తీయలేదా?"

"లేదండీ."

"డ్రైవర్లు తీసి మార్చేశావా?"

"అంతేనండీ. మీరు చెప్పినట్టే."

నా బల్ల మీది స్క్రూలు ఒక వరసలో సర్దారు. "అయితే నాదే పిరికితనం. నా దగ్గర నేర్చుకున్నవాడివి, నన్ను దాటావు. సంతోషంరా," అని భుజం తట్టి వెళ్ళిపోయారు.

మరుసటి ఏడు షాపు మూసేసి కోడూరులో చేపల చెరువుల ఆఫీసులో చేరారు. ఒక్క మాటతో ఆపగలిగేవాణ్ణి. ఎందుకు ఆపలేదు? భయమా? అదీ ఉంది. కానీ ఆ దుప్పటి నాకు ఇష్టంగా ఉంది. అసలు సంగతి అదే.

ఈ పదేళ్ళలో ఎన్ని బోర్డులు మార్చానో లెక్కలేదు. ప్రతిసారీ ముందు కాపీ తీశాను, ఎవరూ చూడకుండా. ఆయన అందరి ముందూ అడిగిందే నేను చాటుగా చేస్తూ వచ్చాను. ఒక్క మెషీనూ పోలేదు. అన్నీ లేచాయి. ఇది తలచుకున్నప్పుడల్లా ఆయన తరఫున నాకు పట్టరాని గర్వం.

ఆయన నన్ను క్షమిస్తారా? అడగలేదు. ఈ కాగితం కోడూరు దాకా వెళ్తుందో లేదో కూడా తెలియదు. అయినా రాసేస్తున్నాను. కాపీ తీశాను. తీశాను కాబట్టే ఆ పూలు బతికాయి. హమ్మయ్య.

ప్రకాశం గారూ, ఆ రోజు బందర్లో గెలిచింది మీరు.