మత్తు వద్దన్నాను

మూడు నెలలుగా తగ్గని కడుపుమంటకు ఈ రోజు ఇక్కడి పరాయి దేశపు ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేయించుకున్నాను. గొట్టం వేసే ముందు మన కాకినాడ వైపు నర్సమ్మ ఫారం పట్టుకొచ్చింది.

"మీతో ఎవరొచ్చారండీ?"

"ఎవరూ రాలేదమ్మా."

"మత్తిస్తే తోడు లేకుండా పంపరండి. రూములోవాళ్లని పిలవండి."

రూములోవాళ్లందరికీ సబ్హాన్ ఏరియాలో మేం పనిచేసే గోడౌన్‌లో డ్యూటీ. నా కోసం సెలవు పెట్టమని అడగలేకపోయాను. మత్తు లేకుండానే చేయమన్నాను.

"మొండోరండి మీరు," అంటూ ఆమె నా గొంతులో మొద్దుబారే మందు స్ప్రే కొట్టింది. అయ్యేదాకా నా భుజం మీద చెయ్యి తీయలేదు.

తర్వాత రిపోర్టు చదివి చెప్పింది. "పుండు లేదండి, వాపే. చిన్న ముక్క తీసి టెస్టుకి పంపారు. వారంలో తెలుస్తాది."

ఆ ఫలితం వినడానికి మాత్రం ఒక్కడినే వెళ్లాలని లేదు. వచ్చే మంగళవారం ఈ గ్రూపులో ఎవరికైనా ఖాళీ ఉంటే చెప్పండి. టీ ఇప్పిస్తాను. నేను తాగకూడదట, ఎదురుగా కూర్చుంటాను.