పట్టుకు సబ్బు వండిన రోజులు

యుద్ధం జరుగుతున్న కాలంలో ధర్మవరంలో మా మగ్గం ఆగిపోయింది. పట్టు లేక కాదు, సబ్బు లేక. ఈ మాట చెబితే ఇప్పటివాళ్ళు నమ్మరు. గూటినుంచి తీసిన పట్టుదారం చీరలో కనిపించినంత మెత్తగా ఉండదు. ఒంటినిండా బంకతో ఎండుగడ్డిలా గరగరలాడుతుంది. సబ్బునీళ్ళలో ఉడకేస్తేనే ఆ బంక వదులుతుంది, మెరుపు వస్తుంది, రంగు పడుతుంది. మా వీధిలో అందరూ అంగడి సబ్బునే తురిమి వాడేవాళ్ళు. అది మొదట తగ్గింది. తర్వాత కంటికే కనబడకుండా పోయింది.

మామ హిందూపురం దాకా పోయి, బజారంతా తిరిగి, వట్టి సంచితో రైలు దిగి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని మగ్గం గుంట పక్కన కూలబడ్డాడు.

"యాడా లేదు. ఇంగ మగ్గం ఇప్పి అటక మీద పెట్టుకోవల్సిందే."

నా భర్త తల వంచుకుని, "చెనక్కాయ పీకేకి కూలికి పోతా నాయనా" అన్నాడు.

నేను కాపురానికి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మామ ముందు నిలబడి మాట్లాడే అలవాటు లేదు. అయినా నోరు ఆగలేదు.

"మామా, సబ్బు నేను చేస్తా."

చేయడం వచ్చని కాదు. పెనుకొండలో మా పుట్టింటి పక్కన ఒక సాయిబుల ఇల్లు ఉండేది. ఆ ఇంటావిడను మేము పెద్దమ్మ అని పిలిచేవాళ్ళం. ఆమె పెరట్లో కానుగ నూనెతో సబ్బు వండుతుంటే చిన్నప్పుడు గోడమీద కూర్చుని చూసేదాన్ని. నా పెళ్ళికి ముందే ఆమె చనిపోయింది. అడుగుదామంటే మనిషి లేదు. చౌడు మన్ను, సున్నం, నూనె, చాలాసేపు మంట. నాకు గుర్తున్నది అంతే.

మామ నన్ను ఎగాదిగా చూశాడు. "బట్టలు ఉతుక్కునేకి చేసుకుంటే చేసుకో పాపా. పట్టు జోలికి మాత్రం రావద్దు. ఘాటు ఎక్కువైతే దారం పేలిపోతాది."

నాకు ఆ మాత్రం అనుమతి చాలు.

తెల్లవారి నేను లేచేసరికి అత్త గంప చంకన పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. "చౌడు గీకేకి పోవల్ల గదా, దా" అంది.

చిత్రావతి ఒడ్డున ఎండిన నేలమీద చౌడు పిండి చల్లినట్టు తెల్లగా పేరుకుని ఉండేది. ఇద్దరం కొబ్బరి చిప్పలతో గీకి గంపకెత్తుకున్నాం. ఇంటికొచ్చి కుండలో నానబెట్టి, తేరిన నీళ్ళు వంచి, అందులో సున్నం కలిపాం. మరునాటికి సున్నం అడుగుకు దిగింది. పైనీళ్ళలో వేలు పెడితే జర్రున జారింది, కాసేపటికి చుర్రుమంది. ఇదే అనుకున్నాను.

ఆ నీళ్ళను అత్త కొత్తగా కొనుక్కున్న సత్తుగిన్నెలో పోశాను. పొయ్యి ముట్టించక ముందే గిన్నె బుసబుసమంటూ పొంగింది. లోపలంతా నల్లబడింది. చూస్తుండగానే అడుగునుంచి చుక్కలు కారసాగాయి. ఆ రోజుల్లో సత్తుగిన్నె మళ్ళీ దొరికే వస్తువు కాదు. అత్త గిన్నె బోర్లించి, పైకెత్తి, చిల్లులోంచి ఆకాశం చూసింది.

"సత్తునే తినేసినాయి. మురికిని ఇడుస్తాయా ఈ నీళ్ళు? మట్టికుండలో పెట్టుకో పో."

మట్టికుండలో కానుగ నూనె పోసి వండాను. జావలాగా అయ్యింది తప్ప గట్టిపడలేదు. ఇంకోసారి వండాను. పైన నూనె, కింద నీళ్ళు. ఇంకోసారి నీళ్ళు బాగా మరగబెట్టి చిక్కగా చేసి వండితే కలిసింది గానీ, దాంతో గుడ్డ ఉతికితే నా అరచేతుల తోలు ఊడివచ్చింది. ఇల్లంతా కానుగ వాసన. నా భర్త కంచం పట్టుకుని వీధి అరుగుమీదికి పోయి తినేవాడు. నీళ్ళకు పోతే ఆడవాళ్ళు, "ఏమ్మే, సబ్బు అయిందా?" అని నవ్వేవాళ్ళు. "అయితాంది" అని బిందె ముంచుకుని వచ్చేసేదాన్ని. చేతులకు వెన్న పూసుకుని పడుకునేదాన్ని. మానేద్దామన్న ఆలోచన రాలేదంటే అబద్ధం. కానీ ఆగిపోయిన మగ్గం ముందు నుంచే వంటింట్లోకి పోవాలి. దాన్ని చూస్తే మళ్ళీ గంప తీసుకోబుద్ధయ్యేది.

ఒకరోజు కుండ సలసల ఉడుకుతోంది. ఎప్పటిలాగే జావ. అత్తకు చిరాకెత్తింది. "యెవరి కండ్లు పడినాయో ఏమో" అంటూ రెండు గుప్పిళ్ళ నిండా కల్లుప్పు తెచ్చి, నాకూ కుండకూ కలిపి దిష్టి తీసి, పొయ్యిలోకి విసిరింది. సగం పొయ్యిలో పడింది. సగం కుండలో పడింది.

"అయ్యో అత్తా!"

కుండలోకి చూస్తే జావ విరిగిపోయింది. పాలు విరిగినట్టే. తెట్టె తెట్టెగా పైకి తేలుతోంది, కింద గోధుమరంగు నీళ్ళు మిగులుతున్నాయి. అంతా పాడైందనుకున్నాను. నూనె పారబోయడానికి మనసొప్పక ఆ తెట్టెను గరిటెతో తీసి కొబ్బరి చిప్పల్లో నొక్కి పెట్టాను. పొద్దున చూస్తే గట్టిగా బిగుసుకుని ఉంది. నాలుక కొనకు తాకించాను. చుర్రుమనలేదు. ఘాటంతా ఆ కిందనీళ్ళతోనే పోయిందని అప్పుడు అర్థమైంది. ఆ సబ్బుతో మామ పంచె ఉతికి ఆరేశాను. చేతులకు ఏమీ కాలేదు.

అత్త సబ్బు చిప్పను వాసన చూసి ముక్కు ముడుచుకుంది. "ఈ కంపు పట్టుకు పట్టిందంటే ఆ చీర ఏ పెండ్లికూతురు కడ్తాది? రంగు గూడా పసుప్పచ్చగా ఉండాది." నేను ఇంక ఆ మాటతో ఆగిపోవాలేమో అనుకున్నాను. ఆమె లోపలికి పోయి వంటనూనె జాడీ తెచ్చి నా ముందు పెట్టింది. నెలకు సరిపడా ఉంచుకున్న చెనక్కాయ నూనె.

"పోపెట్లా అత్తా?"

"పోపు లేకుంటే పానం పోతాదా? పొయ్యి ముట్టీ."

ఆ నెలంతా పోపులేని పప్పే తిన్నాం. ఆ నూనెతో వండి, ఉప్పు వేసి విరిచి, మళ్ళీ మంచినీళ్ళలో కరిగించి రెండోసారి విరిచాను. సబ్బు తెల్లగా, మెత్తగా వచ్చింది. మామ పట్టు ఇవ్వడని తెలుసు. అత్త మూట కట్టి దాచుకున్న తెగిన పోగులు ఇచ్చింది. వాటిని ఉడకేసి, జాడించి, ఆరబెట్టి మామ చేతిలో పెట్టాను.

ఆయన పోగును చెంపకు రాసుకున్నాడు. రెండు చేతులా పట్టి లాగాడు. తెగలేదు. ఇంకా గట్టిగా లాగితే వేలిమీద ఎర్రగా గీత పడింది. లేచి లోపలికి పోయి పట్టుదారం చుట్ట, నిండు చిలప ఒకటి తెచ్చాడు.

"దీన్ని ఉడకెయ్యి. నేను ఈడనే కూచుంటా."

నమ్మకం కుదిరి కూర్చున్నాడని కాదు. చిలప వేసినప్పటినుంచి తీసేదాకా పొయ్యి దగ్గరనుంచి కదల్లేదు, మంట ఎక్కువైతే ఒక కట్టె తనే వెనక్కి లాగాడు. కర్రతో చిలపను పైకి తీసి చల్లనీళ్ళలో జాడించాక ఎండకు పట్టి చూశాడు. "బంక పోయింది" అన్నాడు. నన్ను పొగడటం ఆయనకు చేతకాదు. ఆ వారంలోనే మగ్గం ఆడింది.

అన్నీ బాగానే కుదిరాయని కాదు. ఒకసారి ఉప్పు వేసి విరిచింది చాలక, ఘాటు మిగిలి దారం బిరుసెక్కింది. మామ చెడామడా తిట్టాడు. మళ్ళీ వండాను. మెల్లగా వీధిలో వాళ్ళు నూనె తెచ్చుకుని, చౌడు మోసుకుని మా పెరట్లోకి రాసాగారు. నీళ్ళకాడ నవ్వినవాళ్ళు కూడా వచ్చారు. అత్త వాళ్ళను సున్నం కలపడానికి కూర్చోబెట్టేది.

తర్వాత నేను కాన్పుకు పెనుకొండ వెళ్ళాను. ఆడపిల్ల పుట్టింది. బాలింతగా మంచంమీద ఉండగా ఒక మధ్యాహ్నం అత్త రైలు దిగి వచ్చింది. ఇంట్లో పెద్దదైన మా అవ్వ సంబరంగా కాళ్ళకు నీళ్ళిచ్చింది. అత్త బిడ్డను ఒకసారి ఎత్తుకుని ముద్దాడి, మళ్ళీ పక్కలో పడుకోబెట్టి, గుడ్డ కట్టిన ముంత ఒకటి నా ముందుకు జరిపింది.

"ఎన్నిసార్లు వండినా ఇట్లే జావగా ఉండాది. యాల ఇట్ల అయితాందో చెప్పు. ఆడ నలుగురు ఎదురు చూస్తాండారు."

నేను వేలు ముంచి చూశాను. నూనె అలాగే ఉంది. "సున్నం ఎప్పటిది అత్తా?"

"మూలన ఉండే పాతదే."

"గాలి తగిలి చచ్చిపోయింటాది. కొత్తది కావల్ల."

మా అవ్వ భోజనం వడ్డిస్తానన్నా అత్త ఆగలేదు. మా నాయన చేత బట్టీనుంచి కొత్త సున్నం తెప్పించుకుని, తడి తగలకుండా మూట కట్టుకుని, సాయంత్రం బండికే ధర్మవరం వెళ్ళిపోయింది. "ఇంతకీ మీ అత్త మనవరాల్ని చూసేకి వచ్చిందా, సున్నానికి వచ్చిందా?" అని మా అవ్వ చాలా రోజులు అడుగుతూనే ఉంది.