సైలు పెట్టిన రాయి

ఏళ్ళ తరబడి కడుపులో దాచుకున్న మాట ఒకటి నీకు చెప్పాలి. నీకే ఎందుకంటావా? నువ్వు మా ఊరివాడివి కావు. రేపు చాయ్ హోటల్లో నా మొహం చూడవు.

నేను లారీ డ్రైవర్‌ని. ముస్తాబాద్ దగ్గరి వడ్లు కొనే సెంటర్ నుంచి సిరిసిల్ల మిల్లుకు బస్తాలు తోలేవాణ్ణి. నా బండికి సెల్ఫ్ స్టార్టర్ పనిచేసేది కాదు. అందుకని ఎప్పుడూ దిగువకు మొహం పెట్టి వాలులోనే ఆపేవాణ్ణి. టైరు కింది రాయి తీస్తే బండి దానంతటదే కదులుతుంది, అప్పుడు గేరు వేస్తే స్టార్టవుతుంది. ఆపినప్పుడు మాత్రం గేరులో ఉంచే దిగాలి, హ్యాండ్‌బ్రేక్‌ను నమ్మడానికి లేదు. ఇది నాకు తెలియదా? తెలుసు. ఆ రోజు న్యూట్రల్‌లో వదిలి చాయ్‌కి పోయాను. కదిలించేముందు ఎలాగూ న్యూట్రల్ చేయాల్సిందే కదా అన్న బద్ధకం. ఇంకే కారణమూ లేదు.

హమాలీ సైలు ముందు టైరుకు రాయి పెట్టి బస్తాలు ఎక్కిస్తున్నాడు. అతని భార్య రాజవ్వ బండి ముందు ఒలికిన వడ్లు ఊడుస్తోంది. బరువు పెరిగేకొద్దీ రాయి ఆగలేదు. కేకలు విని నేను ఉరికొచ్చేసరికి బండి ఆమె కాలు మీదుగా పోయి వడ్ల కుప్పకు తగిలి ఆగింది. అందరూ ఆమె దగ్గరికి పరుగెత్తారు. నేను? క్యాబిన్ ఎక్కి గేరు వేశాను. తర్వాత దిగి, బండి గేరులోనే ఉంది చూడండని అరిచాను. అందరూ రాయి వైపు చూశారు.

దవాఖానాలో సైలు నన్ను పక్కకు పిలిచాడు.

“అన్నా, రాయి నేను సక్కగనే పెట్టిన గదనే?”

“చిన్న రాయి పెట్టినవ్ సైలూ. ఏం జేస్తం, గట్లయిపోయింది.”

నమ్మాడు. తువ్వాలలో మొహం దాచుకుని ఏడ్చాడు. నేను భుజం తట్టాను కూడా, థూ.

రాజవ్వ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుంది. కోపం వచ్చినప్పుడల్లా ఆ రాయి మాటెత్తి మొగుణ్ణి తిడుతుంది. అతను తలవంచుకుని ఆమెకు నీళ్ళు కాస్తాడు. నేను ఆ దారిన పోతే మాత్రం పిలిచి కూర్చోబెడతాడు, వేళకు దవాఖానాకు చేర్చిన మంచోడినట.

మొదట్లో లైసెన్స్ పోతుందని భయపడ్డాను. ఇప్పుడు లారీయే లేదు, మరి ఇప్పుడెందుకు చెప్పను? అతను నన్ను అన్నా అని పిలవడం మానేస్తాడని. ఇంత నీచమైన కారణమా? ఇంతే.

రాయి మంచిదే. గేరు వేయనిది నేను. ఇది నీకు చెప్పాక గుండె కాస్త తేలికైంది. నాకే. సైలు ఇంకా తిట్లు తింటున్నాడు.