సౌండు లేని రీలు

ఆలూరులో టూరింగు టాకీసు డేరాకు రెండు దారులుండేవి. రోడ్డు వైపు దారి మగవాళ్ళకు, వాగు వైపు దారి ఆడవాళ్ళకు. లోపల రెండు వైపులకూ మధ్య నడుమెత్తు మట్టిగోడ. ఆడవాళ్ళ దారిలో టిక్కెట్లు చించే మనిషి పేరు ఈరక్క. పగలంతా చేలల్లో కలుపు తీసి, పొద్దు గూకేసరికి ముఖం కడుక్కొని వచ్చి అక్కడ నిలబడేది. టిక్కెట్లు చించడం కాసేపటి పని. ఆ తర్వాత ఆట ముగిసేదాకా ఆమె చేసేది ఏడ్చే పిల్లలను ఎత్తుకోవడం.

బిడ్డ ఏడిస్తే మగవాళ్ళ వైపు నుంచి కేకలు లేచేవి. తల్లి లేవబోయేలోగా ఈరక్క వచ్చి బిడ్డను అందుకొని తెర వెనక్కి నడిచేది. తెరకూ డేరా గుడ్డకూ మధ్య కొంచెం చోటుంది. అక్కడ పిల్లలను భుజాన వేసుకొని అటూ ఇటూ తిరుగుతూ ఆమె సినిమా చూసేది. పలచని గుడ్డ కాబట్టి బొమ్మ వెనకవైపుకూ కనబడుతుంది. కుడి ఎడమలు మారతాయి, అంతే.

మా ఆయన తుంగభద్ర కాలువ పనుల్లో ఓవర్సీరు. యాభై ఏడులో మేము ఆలూరికి కాపురం వచ్చేనాటికి మా పాపకు ఆరో నెల. నేను మద్రాసులో రసాయనశాస్త్రం చదువుకున్నదాన్ని. చదువుతో భయాలు తగ్గాలంటారు. పిల్ల పుట్టాక నాకు మాత్రం పెరిగాయి. తాగే నీళ్ళలో ఏమేముంటాయో, ఎగిరే దుమ్ములో ఏమేముంటాయో తెలిసినవాళ్ళకు నిద్ర తక్కువ. పాపను మొదటిసారి డేరాకు తీసుకుపోయిన రోజు, ఆట మొదలు కాగానే ఏడుపు అందుకుంది. ఈరక్క వచ్చి చేతులు చాచింది. నేను ఇవ్వకుండా ఆ చేతుల వంకే చూస్తున్నాను.

"ఏమి ఓవర్సీరమ్మా, చేతులు సూస్తాండావు? కడుక్కొనే వచ్చినా. మళ్ళా కడుక్కోమంటే కడుక్కుంటా, నీ సినిమానే పోతాది" అంది.

పాపను ఇచ్చాను గానీ సినిమా చూడలేదు. తెర కింది అంచులో ఆమె పాదాలు నడుస్తూ కనిపిస్తుంటే వాటినే చూస్తూ కూర్చున్నాను. ఆట ముగిసేసరికి పాప ఆమె భుజం మీద నోరు తెరుచుకొని నిద్రపోతోంది.

ఆ తర్వాత పని లేని మధ్యాహ్నాలు ఈరక్క మా వసారాలోకి వచ్చి కూర్చోవడం అలవాటయింది. వాళ్ళది కోసిగి పక్కన ఒక పల్లె. వానలు ఎగ్గొట్టిన ఒక సంవత్సరం భర్త కంబన్నతో కలిసి తుంగభద్ర డ్యాము పనికి పోయింది. అక్కడ కూలీల గుడిసెల నడుమ గుడ్డ కట్టి చూపిన సినిమా ఆమె చూసిన మొదటి సినిమా. కంబన్న అక్కడే జ్వరంతో పోయాడు. డ్యాము ముగిశాక కూతురు నాగక్కను వెంటబెట్టుకొని ఆలూరు చేరింది. ఇదంతా ఆమె ఒకే ఒకసారి, కొంగుతో చెమట తుడుచుకున్నంత సేపట్లో చెప్పి ముగించింది. సినిమాల గురించి మాత్రం ఎంతసేపైనా చెప్పేది.

ఊరు తిట్టిన సినిమాలంటే ఆమెకు ఒక పక్షపాతం. యుద్ధానికి భయపడే రాజు కథ ఒకటి వచ్చి రెండాటలకే వెళ్ళిపోయిందట. "రాజులు భయపడకుంటే మన్లాంటోళ్ళు యుద్ధాల్లో సస్తారు. భయపడే రాజును ఆ ఒక్క సినిమాలోనే సూసినా. మంచోడు" అనేది. బట్టలు కుట్టి బతికే ఒకామె కథ, ఊరంతా మెచ్చుకున్న ఏడుపు సినిమా ఒకటి ఆమెకు నచ్చలేదు. "పొద్దస్తమానం కండ్లనిండా నీళ్ళే. అట్లయితే ఆ యమ్మ సూదిలో దారం ఎట్ల ఎక్కించినాది?"

నేను నవ్వేదాన్ని. నాగక్క మా వసారా మెట్ల దాకా వచ్చి, అక్కడే నిలబడి తల్లి కోసం కాచుకునేది. ఆ వేసవిలోనే ఆమెకు తొలిచూలు బిడ్డ పుట్టి, మూడో నెలలో విరేచనాలు పట్టుకొని పోయింది. అప్పటి నుంచి నాగక్క తల్లి దగ్గరే ఉంది. భర్త వచ్చి పిలిచిపోయినా కదల్లేదు. పనికి రమ్మంటే వస్తుంది, తినమంటే తింటుంది, మాట్లాడదు. మా పాప కేరింత వినబడితే ముఖం పక్కకు తిప్పుకునేది. నాకు పాపను ఎక్కడ దాచాలో తెలిసేది కాదు. అయినా పొద్దున్నే ఊరిబాయికి పోయి, తోటి ఆడవాళ్ళ నడుమ నిలబడి నీళ్ళు తేవడం మొదలుపెట్టింది. ఈరక్కకు అది పెద్ద ధైర్యం.

అలాంటి సమయంలో ఆ సినిమా వచ్చింది.

కథ చిన్నది. మగ్గం నేసుకునే ఇంట్లో బిడ్డ పోతుంది. తల్లి ఖాళీ ఉయ్యాల దగ్గర నుంచి లేవదు. ఇంట్లో చేంతాడు తెగి, నీళ్ళు తోడే దిక్కుండదు, పెరట్లో నారు ఎండిపోతుంటుంది. అప్పుడు ఒక రీలంతా మాట లేదు, పాట లేదు, వాద్యం లేదు. ఆమె లేచి, దూలానికి కట్టిన ఉయ్యాల తాడు విప్పుతుంది. ఉయ్యాల గుడ్డ మడిచి పెట్టెలో పెడుతుంది. తాడును లాగి చూసుకొని బొక్కెనకు కట్టి, బావిలో నీళ్ళు తోడి, ఒక్కో మొక్కకూ పోస్తుంది. తర్వాతి రీల్లో దూడ ఒకటి వచ్చి బొక్కెనను పొడిచి దొర్లిస్తుంది. ఆమె నవ్వుతుంది.

మొదటి రోజు ఆ రీలు రాగానే మగవాళ్ళంతా యంత్రం చెడిపోయిందనుకున్నారు. "సౌండు, సౌండు" అని అరుపులు. మిషను నడిపే దావీదురాజు కూడా అదే అనుకొని, ఆట ఆపి, సౌండు బల్బు మార్చి, మళ్ళీ నడిపాడు. మళ్ళీ సౌండు రాలేదు. మగవాళ్ళ వైపు నుంచి తెర మీదికి ఇసుక పడింది. మర్నాటికి డేరా యజమాని రంగన్న ఆ రీలు తీసేయించి, దాని చోట ఇంకేదో సినిమాలోని డాన్సు ముక్క అతికించాడు.

నేను చూసింది ఆ మర్నాడు. బిడ్డ పోయిన తల్లి ఉయ్యాల పక్కన కూర్చొని ఉంది. ఉన్నట్టుండి ఎవరో పట్టుబట్టల మనిషి గజ్జెలు కట్టుకొని ఎగిరింది. వెంటనే ఈ తల్లి పెరట్లో దూడను చూసి పకపకా నవ్వుతోంది. నాకు ఒళ్ళు మండింది. ఈ సినిమా తీసినవాడికి పిల్లలు లేరనుకున్నాను. ఊరంతా అదే అనుకుంది. బాయి దగ్గర మాటలు మొదలయ్యాయి. బిడ్డ పోయిన నెలకే పళ్ళికిలించే తల్లి ఎక్కడన్నా ఉంటుందా, సిగ్గులేని ముండ అని. అన్నవాళ్ళు సినిమా మనిషినే అన్నారు. కానీ నాగక్క అక్కడే బిందె పట్టుకొని నిలబడి ఉంది. ముందురోజు ఎవరి మాటకో ఆమె పెదవి నవ్వబోయినట్టు కాస్త కదిలిందట. మర్నాటి నుంచి ఆమె బాయికి పోలేదు.

కూతురు బాయికి పోవడం మానిన రోజు సాయంత్రం ఈరక్క నా దగ్గరికి వచ్చి, తీసేసిన రీల్లో ఏముందో మొత్తం చెప్పింది. తెర వెనక, ఎవరి బిడ్డనో ఎత్తుకొని, ఆమె దాన్ని చివరిదాకా చూసింది.

"నాగి ఇది సూడాల. నా నోటితో చెప్తే వినేది కాదు. కండ్లతో సూడాల" అంది.

ఎల్లుండి పొద్దున సినిమా డబ్బా గుంతకల్లు బస్సెక్కాలి. మిగిలింది మర్నాటి ఒక్క ఆట. మర్నాడు పీర్ల పండగ చివరి రాత్రి. మా ఊళ్ళో ఆడవాళ్ళు పగలే పోయి పీర్లకు చక్కెర చదివించుకొని వస్తారు. రాత్రి పీర్ల చావిడి ముందర నిప్పుల గుండం చుట్టూ ఎగిరేది మగవాళ్ళు, హిందువులూ తురకలూ అంతా కలిసి. డేరాకు ఎవరూ రారు గనక రంగన్న ఆ పూట ఆట లేదన్నాడు. ఈరక్క నన్ను కూడా వెంటబెట్టుకొని ఆయన దగ్గరికి పోయింది.

"రంగన్నా, రేపు డేరా మూస్తాండావంట."

"మూయక? మొగోళ్ళంతా గుండం కాడ ఉంటారు. బెంచీలకు సూపియ్యాల్నా?"

"ఆడోళ్ళు ఇండ్లల్లో ఉంటారు కదప్పా. మాకు సూపియ్యి. తీసేసిన ఆ రీలు కలిపి సూపియ్యి."

"ఓహో, డిస్ట్రిబ్యూటరువైనావా నువ్వు? నాకు ఎవురూ చెప్పలేదే."

"ఇప్పుడు చెప్తాండా కదా."

"సౌండు లేని రీలేస్తే నీ ఆడోళ్ళు నా డేరా చింపుతారు."

"చింపితే నేనే కుడతా. పోయిన గాలికి చినిగింటే ఎవురు కుట్టినారు?"

రంగన్న తలగోక్కున్నాడు. "మరి డాన్సు ముక్క? దాని కోసమే కదా ఇన్నాళ్ళు జనం వచ్చినారు."

"అదీ ఎయ్యి. కత అంతా అయిపోయినాక ఎయ్యి. ఓపికుండేటోళ్ళు సూస్తారు."

పక్కన మిషను తుడుస్తున్న దావీదురాజు నవ్వాడు. "ఎయ్యనీ రంగన్నా. ఒక ఆట ఎక్కువాడితే రీలు అరిగిపోదులే. నేను కూడా దాన్ని సరిగ్గా సూడలేదు, బల్బు మార్చేదాంట్లోనే సరిపోయె."

రంగన్న కూలిమనిషిని చూసినట్టు కాకుండా, చుట్టాన్ని చూసినట్టు ఆమెను చూసి, "ఆడోళ్ళ పక్క సగమన్నా నిండల్ల. లేకుంటే మిషను ఆన్ చేసేది లేదు" అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా వాళ్ళ గుడిసెకు పోయాం. నాగక్క జొన్నలు చెరుగుతోంది. విషయం విని చేట కింద పెట్టింది.

"బిడ్డ సస్తే నవ్వేదాన్ని దుడ్లిచ్చి సూడల్నా నేను?"

"దుడ్లెవురు అడిగినారు మే నిన్ను? గేటు కాడ ఉండేది మీయమ్మనే."

"బాయి కాడ అందరూ చెప్తాండారు."

"బాయి కాడోళ్ళు సూసింది కత్తిరించింది. నేను సూసింది నిండు సినిమా. నా మాట అబద్ధమైతే వచ్చి నా ముఖాన చెప్పు."

"చెప్తా" అంది నాగక్క. ఆ ఒక్క మాటలో ఎంత కోపముందో, ఆమె అంత కోపంగా ఉండగా నేను చూడటం అదే మొదటిసారి. ఈరక్క బయటికి వచ్చి, "వస్తాది" అంది.

మర్నాడు ఆమె పనికి పోలేదు. ఇంటింటికీ తిరిగింది. చంటిపిల్లలున్నవాళ్ళకు తాను ఎత్తుకుంటానని మాట ఇచ్చింది. పీర్ల దగ్గర చక్కెర చదివించుకోవడానికి వచ్చినవాళ్ళను అక్కడే పట్టుకుంది. సాయంత్రానికి ఆడవాళ్ళ వైపు నేల నిండి, మట్టిగోడ దాటి మగవాళ్ళ బెంచీల మీద కూడా కూర్చున్నారు. అంత వెడల్పు బెంచీల మీద కాళ్ళు చాపుకొని కూర్చోవడం మాకందరికీ కొత్త. నాగక్క వచ్చింది. నా పక్కనే, ఒక మనిషి పట్టేంత ఎడం వదిలి కూర్చుంది. పాప నా ఒళ్ళో నిద్రపోతోంది. మాటిమాటికీ దాని నుదురు తాకి చూస్తున్నాను.

ఆ రీలు వచ్చింది. డేరా అంతా ఒక్కసారి నిశ్శబ్దమయింది. దూరంగా పీర్ల తప్పెట్లు వినబడుతున్నాయి.

"సౌండు పోయినాది" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"పోలేదు, గమ్మున సూడండి" అని తెర వెనక నుంచి ఈరక్క గొంతు. అప్పటికే ఎవరిదో బిడ్డ ఏడ్చింది, ఆమె అక్కడికి పోయింది.

ఇంకెవరూ మాట్లాడలేదు. ఆ తల్లి ముడి విప్పుతోంది. బిగుసుకుపోయిన ముడి, ఎంతకూ రాదు. పంటితో లాగింది. నా ముందు కూర్చున్న ముసలామె తనకు తెలియకుండానే వేళ్ళు కదిలిస్తోంది, తాను విప్పుతున్నట్టు. ఉయ్యాల గుడ్డ మడతలు పెట్టింది. పాప నుదురు తాకడం మరిచిపోయాను. మొదటి బొక్కెన నీళ్ళు పైకి వచ్చినప్పుడు నేల మీద కూర్చున్న ఆడవాళ్ళందరి నుంచీ ఒక్క నిట్టూర్పు వచ్చింది. తర్వాత దూడ పొడిచింది, ఆమె నవ్వింది. డేరాలో కొందరు కూడా నవ్వారు, కళ్ళు తుడుచుకుంటూనే. బాయి దగ్గర తిట్టినవాళ్ళు ఆ కొందరిలో ఉన్నారు.

నాగక్క నవ్వలేదు, ఏడవలేదు.

ఆట ముగిశాక రంగన్న మాట తప్పకుండా డాన్సు ముక్క వేశాడు. చాలామంది దాన్నీ చూసి పోదామని కూర్చున్నారు. మేము ముగ్గురం బయటికి వచ్చాం. నాగక్క ముందు నడుస్తోంది. ఈరక్క నా చెవి దగ్గరికి వచ్చి, "ఆ రీలప్పుడు అది తెర పక్క సూసిందా, నేల పక్క సూసిందా?" అని అడిగింది.

"తెర వైపే."

"అంతసేపూ?"

"అంతసేపూ."

ఆమె తలూపి కూతురి వెనకే నడిచింది. నాకు మాత్రం లోపల భయంగానే ఉంది. మానుతున్న పుండును కెలికామేమో. కోమటి వీధి మలుపు దగ్గర నాగక్క నిలబడింది.

"మా."

"చెప్పు."

"ఆ యమ్మ చేసింది తప్పు."

ఈరక్క ముఖం వాడిపోయింది. "నవ్వినందుకా?"

"నవ్వితే నవ్వినాది. దూడ అట్ల పొడిస్తే ఎవురికైనా నవ్వొస్తాది. తాడు ఏంటికి తీసినాది? నీళ్ళల్లో నానితే అది ఏడాది కూడా రాదు. రేపు ఇంగో బిడ్డ పుడితే ఉయ్యాల దేంతో కడ్తాది?"

ఈరక్క కూతురి దగ్గరికి వచ్చింది. కొంగు సర్దుకొని, మామూలు గొంతుతోనే, "ఇంగో తాడు పేనుకుంటాది" అంది.

"ఒక్కతే ఎట్ల పేనుతాది? ఇంగో కొస పట్టుకునేటోళ్ళు ఉండల్ల కదా. ఆ మొగుడు చేతకానోడు."

"వాళ్ళమ్మ పట్టుకుంటాది."

"వాళ్ళమ్మ సినిమాలో లేనే లేదు."

"ఉంటాది లే. ఫోటో తీసేటప్పుడు పక్కకు పోయింటాది."

"అట్ల పక్కకు పోయినోళ్ళనంతా లెక్కేసుకుంటే ఆ సినిమాలో ఊరంత జనముంటారు."

"ఉండనీ. నీకేమి నష్టం?"

"నష్టమని కాదు. చేంతాడుకు చేంతాడే తెచ్చుకోవల్ల. బజార్లో దొరకదా? ఉయ్యాల తాడు ఇంట్లో ఉండల్ల."

"అంతవరకు నారు ఎండిపోనియ్యాల్నా?"

"పక్కింట్లో అడుక్కోని రావల్ల. ఆ యమ్మకు నోరు లేదా?"

మా ఇల్లు వచ్చింది. వాళ్ళు గమనించలేదు, నాకు పోయొస్తామని చెప్పనూ లేదు. పాపను భుజాన వేసుకొని వాకిట్లో నిలబడ్డాను. తప్పెట్ల మోతలో ఈరక్క గొంతు కలిసిపోతోంది, నాగక్క గొంతు మాత్రం విడిగా, కాస్త కరుకుగా, వినబడుతూనే ఉంది. నీళ్ళకు జనుము తాడు పనికొస్తుందా, కొబ్బరి తాడు పనికొస్తుందా అన్నదాకా వచ్చారు.